దొరసాని ఎనిమిదో కాలు

జూన్ 4

అత్తయ్య గారికి నమస్కారం.

నిన్న సాయంత్రానికి ఇక్కడికి చేరాను. హాస్టల్ గదిలో నలుగురం ఉన్నాం. నా మంచం కిటికీ పక్కన వచ్చింది. కిటికీ తెరిస్తే మేం నడపడం నేర్చుకోవలసిన క్రేన్ ఎదురుగా నిలబడి ఉంటుంది. దాని కొన ఎక్కడుందో చూద్దామని తలెత్తితే మెడ పట్టేసింది.

మీకు ఫోన్లో మాట వినపడదు. ఆయనకి చెబుదామంటే ఆ గాజుపెట్టె పేరెత్తగానే చెవులు మూసుకుంటారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు ఆ టరాంటులాని నా చేతికిచ్చి వారం తిరక్కుండానే శిక్షణకి రమ్మని కబురొచ్చింది. లేకపోతే దాన్ని మీ నెత్తిన పెట్టేదాన్ని కాదు. అరచేయంత సాలీడుని చూసి మీరు కనీసం అరవలేదు. అరిచింది ఆయనే.

వారానికి రెండు కీచురాళ్ళు చాలు దానికి. వంటింటి గట్టు కింద, మూతకి బెజ్జాలు పెట్టిన డబ్బాలో ఉన్నాయి. వాటికి తవుడు, కేరట్ తొక్కలు వేయండి. అవి బాగా తింటేనే ఇది బాగా తిన్నట్టు. కీచురాయి దాని పొట్టకంటే పెద్దది కాకూడదు. పొడుగు పట్టకారుతో వదిలి మూత వేసేయండి. మర్నాటికి తినకపోతే తీసేయండి. సీసామూతలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. దాన్ని చేత్తో మాత్రం పట్టుకోవద్దు. కోపమొస్తే వెనక కాళ్ళతో పొట్ట మీది నూగు రేపుతుంది, అది తగిలితే ఒళ్ళంతా దురదే. పైగా చేతిలోంచి జారితే దాని పొట్ట పగిలిపోతుంది. ఇదివరకు ఎవరో అలా పడేస్తేనే ఒక కాలు పోయిందట. అందుకే ఏడు కాళ్ళతో ఆసుపత్రికి వచ్చింది.

మోల్టింగ్ అయితే ఆ కాలు మళ్ళీ వస్తుందని కాంపౌండరు గారు చెప్పారు. అది దగ్గరలోనే ఉందట. ఆ కాలు రావడం చూద్దామనే తెచ్చుకున్నాను. చూసే యోగం లేదు నాకు. కనీసం అది బతికి ఉంటే చాలు.

మీ కోడలు


జూన్ 12

కోడలికి,

నీ ఉత్తరం అందింది. మేం బాగానే ఉన్నాం. నీ మొగుడు మాత్రం ఇంట్లో పడుకోవడం మానేశాడు. లారీ కింద దూరి ఇంజను గుండెల మీదికి దించుకునే మనిషి, మూత పెట్టిన పెట్టెకి జడిసి వర్క్‌షాపులో పడుకుంటున్నాడు. కంచం కిటికీలోంచి అందిస్తున్నాను. "అది పెట్టెలోనే ఉందిరా" అంటే "ఉందని ఎప్పుడు చూశావ్? ఇప్పుడు చూశావా?" అంటాడు. పెళ్ళాం ధైర్యంలో సగం వచ్చినా బాగుండేది.

గుడ్లు పొదిగించే హేచరీ మిషన్ల హోరులో నా చెవులు పోయాయి గానీ కళ్ళు బాగానే ఉన్నాయి, ఎదురుగా ఉంటే పెదాల మీది మాట కూడా పట్టేస్తాను. నువ్వు రాసినట్టే కీచురాయిని వదిలాను. కోళ్ళకి దాణా వేస్తే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఇదలా కాదు. కీచురాయి వచ్చి కాలు తొక్కేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు కనపడలేదు. రెప్ప వేసి తెరిచేసరికి నోట్లో ఉంది. తిన్నాక కాళ్ళు దగ్గరికి తీసుకుని, ఎవరన్నా వచ్చి పలకరిస్తే అప్పుడు చూద్దాం అన్నట్టు కూర్చుంది. దొరసాని అని పిలుస్తున్నాను.

కీచురాళ్ళ గోల నాకు వినపడదు కాబట్టి ఇబ్బంది లేదు. పక్కింటి టైలరమ్మ మాత్రం రాత్రంతా కుట్టు తప్పుతోందని వచ్చి చెప్పింది.

మోల్టింగ్ గురించి నాకు నేర్పక్కర్లేదు. కోళ్ళఫారంలో హేచరీకి మారకముందు గుడ్లు పెట్టే కోళ్ళ లేయర్ షెడ్లలో నా పనే అది. నువ్వు దిగులు పడకు.

నెత్తిన పెట్టేదాన్ని కాదు అని రాశావు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్ని. ఇంకెవరి నెత్తిన పెడతావు.

అత్త


జూన్ 20

అత్తయ్య గారికి,

మీకు మోల్టింగ్ తెలుసని చదివాక నా ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్ళూ క్రేన్ కేబిన్లో కూర్చున్నా మనసు ఆ పెట్టె దగ్గరే ఉండేది. మీరు చేసినవారు, నాకంటే బాగా చూస్తారు. ముందు తిండి మానేస్తుందని, పొట్ట మీద బోడిగా ఉన్నచోట నల్లబడుతుందని, నేల మీద తెల్లగా సాలెదారం పరుచుకుంటుందని కాంపౌండరు గారు చెప్పారు. ఇవన్నీ మీకు తెలిసినవే అయి ఉంటాయి.

నెత్తిన పెట్టడం అన్నది వేరే ఉద్దేశంతో రాయలేదు. మీరు చివర్లో అలా రాసేసరికి ఆ పేజీ చాలాసార్లు చదువుకున్నాను. కోపమా, హాస్యమా అర్థం కాలేదు. హాస్యమనే అనుకుంటున్నాను.

ఇక్కడి పని కష్టంగానే ఉంది. కేబిన్ దాకా నిచ్చెన ఎక్కేసరికి బట్టలు తడిసిపోతాయి. ఎక్కాక మళ్ళీ భోజనానికే దిగడం. జూలైలో పరీక్ష. ఇనప డ్రమ్ము నిండా నీళ్ళు పోస్తారు. దాన్ని ఎత్తి, పాతిన గుంజల మధ్యనుంచి తిప్పి, ముగ్గుపిండితో గీసినంత సన్నగా గీసిన గుండ్రంలో దించాలి. నీళ్ళు ఒలికితే ఇంటికే. "అత్తగారి ముందు గ్లాసు పెట్టినట్టు పెట్టమ్మా" అంటారు మాస్టారు. నేను గ్లాసు పెడితే మన ఇంట్లో ఎంత చప్పుడయ్యేదో ఆయనకి తెలియదు. మీకైతే వినపడేది కాదనుకోండి, బల్ల అదిరి తెలిసేది.

ఉంటాను.

మీ కోడలు


జూలై 2

కోడలికి,

హాస్యమే.

దొరసాని తిండి మానేసింది. కీచురాయి వీపెక్కి తిరిగినా పట్టించుకోలేదు. తీసేశాను. పొట్ట మీద నువ్వు చెప్పినచోట నల్లబడింది, పాత బాణలి అడుగులా మెరుస్తోంది. ఇదే అదనని మోల్టింగ్ మొదలెట్టాను.

మా ఫారంలో ఎలా చేసేవాళ్ళమో చెబుతాను, నీకూ తెలిసి ఉంటుంది. కోడి ముసలిదై గుడ్లు తగ్గిస్తే దాణా ఆపేస్తాం. షెడ్డులో లైట్లు తీసేస్తాం. నీళ్ళు మాత్రం పెడతాం. ఈకలన్నీ రాల్చేసి, బక్కచిక్కి, ఒక మూల పడి ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా దాణా పెంచితే కొత్త ఈకలతో మళ్ళీ గుడ్లకొస్తుంది. దొరసానికీ అంతే చేస్తున్నాను. పెట్టె మీద పాత దుప్పటి ముక్క కప్పి చీకటి చేశాను. నీళ్ళు మారుస్తున్నాను. నూగు రాల్చడం పూర్తికాగానే కీచురాళ్ళు దండిగా వేస్తాను. లావుపాటివి వేరే తీసి పెంచుతున్నాను.

గుడ్లు ఎన్ని పెడుతుందో రాయి. ట్రే సిద్ధం చేశాను. బల్బు కూడా తెప్పించాను గానీ కోడిగుడ్డుకి పెట్టే వేడి దీనికి సరిపోతుందో లేదో తెలియదు. నువ్వు రాసేదాకా వెలిగించను. గుడ్లు పొదిగాక తనకి రెండు పిల్లలు కావాలంది టైలరమ్మ. ఇస్తానన్నాను. "కోడిపిల్లలేగా?" అంది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ కాంపౌండరు మాత్రం కాలు విషయంలో నీకు ఉత్తమాట చెప్పాడు. మోల్టింగ్ చేస్తే గుడ్లొస్తాయి గానీ కాళ్ళొస్తాయా? కోడికి కాలు పోతే పోయినట్టే. నీ మొహం చూసి చెప్పలేక అలా అని ఉంటాడు. నువ్వు ఆశ పెట్టుకోకు. ఏడింటితో అది హాయిగానే నడుస్తోంది.

డ్రమ్ము దించేటప్పుడు ఊపిరి బిగబట్టకు. ఊపిరి బిగబడితే చెయ్యి బిగుస్తుంది. గుడ్ల ట్రేలు మోసినదాన్ని, నాకు తెలుసు.

అత్త


జూలై 8

అత్తయ్య గారూ,

మీ ఉత్తరం ఇప్పుడే చదివాను. తల పట్టుకున్నాను. గుడ్లు కాదు అత్తయ్యా! గుడ్లు పెట్టదు, పిల్లలూ రావు. దీని మోల్టింగ్ వేరు. టైలరమ్మ గారికి ఏదోటి చెప్పండి.

పాము కుబుసం విడిచినట్టు ఇది ఒంటి మీది తోలంతా విడుస్తుంది. తోలంటే మెత్తటిది కాదు, మన గోరులా గట్టిది. ఆ గోరులోంచి కాళ్ళతో సహా మొత్తం ఒళ్ళు బయటికి లాక్కోవాలి. అందుకని వెల్లకిలా పడుకుంటుంది. కాళ్ళు పైకి పెట్టి, అచ్చం చచ్చినట్టే ఉంటుందట. చచ్చిన సాలీడు అలా ఉండదు, బోర్లా పడి కాళ్ళు కిందికి ముడుచుకుంటుంది. దయచేసి దాన్ని తిరగేయకండి, కదపకండి, ఊదకండి. పెట్టె కూడా జరపకండి.

మీరు తిండి ఆపడం, చీకటి చేయడం, నీళ్ళు పెట్టడం అన్నీ సరిగ్గా చేశారు. ఎలా చేశారో నాకు అర్థం కావడం లేదు గానీ సరిగ్గా చేశారు. బల్బు మాత్రం వద్దు, ఎండిపోతే సగంలో ఇరుక్కుపోతుంది.

అసలు సంగతి ఇది. కుబుసం విడిచాక కీచురాళ్ళు వేయకండి. లావువీ వద్దు, సన్నవీ వద్దు. అప్పుడు దాని ఒళ్ళు వెన్నలా ఉంటుంది. కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అది కీచురాయిని తినలేదు, కీచురాయే దాన్ని కొరికి చంపుతుంది. కోరలు నల్లబడేదాకా ఆగాలి.

ఆయనకి ఫోన్ చేశాను. "వెల్లకిలా" అన్న మాట వినగానే "చాల్చాలు, ఇక చెప్పకు" అని పెట్టేశారు. అందుకే కవరు మీద ఎర్రసిరాతో అర్జంటు అని రాస్తున్నాను.

తొందరలో,
మీ కోడలు


జూలై 9

కోడలికి,

నీకు అబద్ధం రాయలేను. దొరసాని పోయింది.

పొద్దున దుప్పటి తీసి చూస్తే వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు పైకి. పిలిచాను. పెట్టె మీద వేలితో కొట్టాను. కదల్లేదు. నిన్న సాయంత్రం తెల్లగా దారాలు పరుచుకుంటుంటే గూడు కట్టుకుంటోందని సంతోషపడ్డాను. పక్క వేసుకుందని నాకేం తెలుసు.

దాణా ఆపడం దానికి పడలేదేమో. నువ్వు వద్దని రాయలేదు, చెయ్యమనీ రాయలేదు. నేనే చేశాను. ఫారంలో నేను చూసిన షెడ్డుకి పేరుండేది. ఇంట్లో ఒక్క ప్రాణిని చూడలేకపోయాను.

నీ మొగుడు గుమ్మం అవతలే నిలబడి "పోయిందా? నిజంగా పోయిందా?" అని చేతులూపి అడిగాడు. వాడి మొహంలో సంతోషం చూసి ఒళ్ళు మండింది. ఈ ఉత్తరం వాడికే ఇచ్చి పోస్టులో వేయమని పంపుతున్నాను. మధ్యాహ్నం పూలకుండీలో మట్టి తవ్వి పెడతాను.

పరీక్ష ముందు ఇలాంటిది రాయకూడదు. కానీ ఇంటికొచ్చాక నువ్వు పెట్టె ఖాళీగా చూడటం అంతకంటే బాగుండదు.

అత్త


జూలై 13

అత్తయ్య గారూ,

మీ ఉత్తరం అందింది. దాన్ని పాతిపెట్టేశారా? ఈపాటికి పాతిపెట్టేసి ఉంటారు. వెల్లకిలా ఉందంటే అది పోలేదు అత్తయ్యా. నేను ముందే రాశాను, నా ఉత్తరం మీకు అందలేదు. ఒకవేళ అందేసరికి ఆలస్యమైపోయిందేమో. పొరపాటు నాది. మీకు తెలుసన్నారని వదిలేశాను. ఏం తెలుసని అడగలేదు.

ఆయన ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. వర్క్‌షాపుకి చేస్తే పెయింటరు ఎత్తాడు. "ఆయన దారిలో ఆగిపోయిన లారీ దగ్గరికి వెళ్ళాడమ్మా. వాళ్ళమ్మగారు గది తలుపేసుకుని ఎవర్నీ రానివ్వడం లేదట. నిన్న ఈయన కూడా లోపలికి వెళ్ళాడట, బయటికొచ్చి నీళ్ళడిగి కింద కూర్చుండిపోయాడు. ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా?" అన్నాడు.

మీరు తలుపేసుకోకండి. సాలీడు కోసం మీరలా కూర్చోవడం నాకు బాగాలేదు. కాలు చూడాలని సరదా పడ్డాను, అంతే. మిమ్మల్ని నేనేమీ అనను. ఎవరూ అనకూడదు.

రేపు పరీక్ష. ఇప్పుడు డ్రమ్ము మీద ధ్యాస లేదు. అయినా ఎక్కుతాను.

వెంటనే రెండు ముక్కలు రాయండి.

మీ కోడలు


జూలై 13

కోడలికి,

నేను మొన్న రాసిన ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టు. దొరసాని బతికే ఉంది!

ముందే రాయాల్సింది. పెట్టె దగ్గర్నుంచి లేస్తే కదా. మొదట్నుంచి చెబుతాను, నిదానంగా చదువు.

ఆ రోజు ఉత్తరం పంపేసి, కుండీలో గొయ్యి తీసి, గరిటె పట్టుకుని పెట్టె మూత తీశాను. గరిటె లోపల పెట్టబోతుంటే దాని పక్కన, తలకీ పొట్టకీ మధ్య, సన్నటి గీత కనపడింది. అద్దాలు తుడుచుకుని చూశాను. అది పగులు. చూస్తుండగానే కొంచెం పెరిగింది. ఆ పగులు నాకు కొత్తది కాదు. హేచరీలో అలాంటి పగుళ్ళు చూసే నా జుట్టు నెరిసింది. గుడ్డు పగిలేటప్పుడు మొదట కనపడేది అదే. గరిటె తీసి కింద పెట్టేశాను. ఇది చావలేదు, పొదుగుతోంది అనుకున్నాను. తనని తనే పొదుక్కుంటోందని తర్వాత అర్థమైంది.

హేచరీలో ఒక కట్టడి ఉండేది. పిల్ల పెంకులో ఎంత గింజుకున్నా మనం చెయ్యి పెట్టి ఒలవకూడదు. ఒలిస్తే నెత్తురు కారి చస్తుంది. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు జాలిపడి ఒలిచేవాళ్ళు. వాళ్ళ చేతుల మీద కొట్టి మాన్పించేదాన్ని. ఆ రోజు నా చేతుల్ని నేనే తొడల కింద పెట్టుకు కూర్చున్నాను. అంత కష్టం కోళ్ళ దగ్గర కూడా పడలేదు.

తల మీది పెంకు డబ్బా మూతలా లేచింది. తర్వాత కాళ్ళు. గ్లవుజులోంచి వేళ్ళు తీసినట్టు అన్నీ ఒకేసారి లాగడం మొదలెట్టింది. ఒక ఊపు లాగుతుంది, ఆగుతుంది. ఆగినప్పుడల్లా నా ప్రాణం ఆగేది. పొద్దు వాలేసరికి మొత్తం బయటికొచ్చింది. పక్కన పాత దొరసాని ఖాళీగా పడి ఉంది, నూగూ కోరలూ అన్నీ ఉన్నాయి. ఈ పక్కన కొత్త దొరసాని. పాలమీగడ రంగు. తడిగా, నిగనిగలాడుతూ.

నేను కాళ్ళు లెక్కపెట్టాను. ఏడు దాకా వచ్చి ఆగాను. ఆగిన చోట ఇంకోటి ఉంది! సన్నగా, అగ్గిపుల్లంత, మిగతావాటికంటే పొట్టిది. కానీ కాలే. చివర నూగు కూడా ఉంది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. ఎనిమిది. కాంపౌండరుని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన కనపడితే నా మాటగా చెప్పు.

తలుపు వేసుకుని కూర్చున్నాను. గాలి తగులుతుందని, జనం వస్తారని. టైలరమ్మ వచ్చి కిటికీ కొట్టిందట, నాకు వినపడలేదు.

ఇప్పుడు నీ మొగుడి సంగతి. మోల్టింగ్ అయిపోయింది, ఇక దాణా పెంచాలి అనుకున్నాను. ఫారంలో అదే పద్ధతి కదా. నిన్న లావుపాటి కీచురాయిని పట్టకారుతో పట్టుకుని పెట్టె మీదికి వంగాను. సరిగ్గా అప్పుడే నీ అర్జంటు ఉత్తరం వచ్చింది. ఎర్రసిరా చూసి వాడే విప్పాడు. చదువుతూ కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా వెయ్యకు! అమ్మా!" అని వీధి మొత్తం వినపడేలా అరిచాడట. టైలరమ్మ మిషను ఆపి బయటికొచ్చింది. వినపడనిది నాకొక్కదానికే. వాడికి నా వీపే కనపడుతోంది, చెయ్యి పెట్టెలోకి దిగుతోంది.

తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. గడపలో ఆగలేదు. నా మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. కీచురాయి ఎగిరి వాడి చొక్కాలో పడింది. దాన్ని దులుపుకుంటూ కిందికి చూశాడు, చూసేసరికి దొరసాని మీద మూడు వేళ్ళ ఎత్తులో ఉంది వాడి మొహం. అరవలేదు. మూత నెమ్మదిగా వేశాడు. నీ ఉత్తరం నా చేతిలో పెట్టి, బయటికెళ్ళి నీళ్ళడిగి కింద కూర్చున్నాడు. కాసేపటికి "అమ్మా, దాని కాళ్ళు ఎనిమిదా?" అని చేతివేళ్ళు చూపించి అడిగాడు. లెక్కపెట్టాడన్నమాట.

నువ్వు రాసిన కోరలు చూశాను. బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి. నీ ఉత్తరం ఇంకాస్త ఆలస్యమై ఉంటే కీచురాయి దాన్ని తినేసేది. నీ ఉత్తరం ఇంకాస్త ముందొచ్చి ఉంటే నేను పగులు చూసి నేర్చుకునేదాన్ని కాదు.

లావుపాటి కీచురాళ్ళన్నీ ఊరికే తవుడు తింటున్నాయి. ఆ పెంకు నీకు పంపుతున్నాను. దూదిలో పెట్టాను. విరక్కుండా విప్పు.

అత్త


జూలై 22

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం, పెట్టె ఒకేరోజు వచ్చాయి. ఉత్తరం ముందు చదివి ఉంటే బాగుండేది. పార్శిళ్ళు విప్పి చూడటం ఇక్కడ వార్డెనమ్మ అలవాటు. దూది తీసిందట. ఆవిడ కేక విని నేను కేబిన్లో ఉన్నదాన్ని కిందికి చూశాను. హాస్టలంతా మెట్ల మీద ఉంది. దిగి వెళ్ళేసరికి ఎవరో దాని మీద బకెట్ బోర్లించి, బకెట్ మీద ఒకమ్మాయిని కూర్చోబెట్టారు. "ఇది ఖాళీ, మా అత్తగారు పంపారు" అంటే "మీ అత్తగారికి నువ్వంటే అంత కోపమా?" అని అడిగింది వార్డెనమ్మ.

ఇప్పుడు అందరూ వరస కట్టి చూస్తున్నారు. కుబుసంలో కాళ్ళు ఏడే. ఎనిమిదో చోట చిన్న మొండి. దాన్ని చూపించి, అందులోంచి కాలు వచ్చిందని చెబుతుంటే ఎవరూ నమ్మడం లేదు. మీ ఉత్తరంలో ఆ పేజీ తీసి చదివి వినిపించాను. చేతులు తొడల కింద పెట్టుకున్నారన్న దగ్గర అందరూ ముందుకి జరిగారు. ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. మీకు చెప్పాలి కదా అని రాస్తున్నాను.

ఆయన గదిలోకి వెళ్ళారంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. ఫోన్ చేసి అడిగితే "ఊరికే వెళ్ళాను" అన్నారు. ఆ తర్వాత దొరసాని ఏం తాగుతుంది, ఎప్పుడు తాగుతుంది అని చాలాసేపు మాట్లాడారు.

పరీక్ష అయింది. ఆ రోజు నా దగ్గర మీ మొదటి ఉత్తరమే ఉంది, పోయిందన్నది. నిచ్చెన ఎక్కుతుంటే కళ్ళు మసకలు కమ్మాయి. గుంజల మధ్య డ్రమ్ము ఊగింది. మాస్టారు కిందనుంచి చెయ్యి ఎత్తారు, ఆపమని. నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది. వదిలేశాను. ఊగడం తగ్గేదాకా ఆగి, దించాను. దించాక మాస్టారు డ్రమ్ము చుట్టూ తిరిగి, వంగి, నేల మీద చెయ్యి పెట్టి చూశారు. చెయ్యి పైకెత్తి పొడిగా ఉందని అందరికీ చూపించారు. ఆడవాళ్ళలో నేనే మొదట పాసయ్యాను. మొత్తం మీద రెండో దాన్ని. మొదటివాడు ఇదివరకే క్రేన్ నడిపినవాడు, అందుకని లెక్కలోకి రాడంటున్నారు మా గదివాళ్ళు.

కోరలు ఎర్రబడి, తర్వాత నల్లబడతాయి. నల్లబడ్డాక మొదట చిన్న కీచురాయి వేయండి. మళ్ళీ కుబుసం విడిచేసరికి కొత్త కాలు ఇంకా పెరుగుతుందట, మిగతావాటితో సమానం అవుతుందట. అది ఇంచుమించు ఏడాదికి.

మీ కోడలు


ఆగస్టు 3

కోడలికి,

పాసైనందుకు సంతోషం. టైలరమ్మకీ, పోస్టు తెచ్చే ఆయనకీ, వర్క్‌షాపులో పెయింటరుకీ చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కాబట్టి మిగతా వీధికి కూడా తెలిసిపోయి ఉంటుంది.

నువ్వు తలుపేసుకోవద్దని రాసిన ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అది దాచిపెట్టాను.

దొరసాని నిన్న పెట్టె గోడ ఎక్కింది. అద్దం అవతలనుంచి కోరలు చూశాను. నల్లగా, సూదుల్లా ఉన్నాయి. సన్నపాటి కీచురాయిని ఏరాను. ఇంట్లో జనం ఎక్కువైపోయారు. నీ మొగుడు స్టూలు వేసుకుని పెట్టె పక్కనే కూర్చున్నాడు, మూత తీసేది తనేనట. టైలరమ్మ టేపు మెళ్ళో వేసుకుని వచ్చింది. కోడిపిల్లల సంగతి ఇంకా అడుగుతూనే ఉంది. ఇంకెవరో ఇద్దరు గుమ్మంలో.

కీచురాయిని వదిలాను. దొరసాని కదల్లేదు. అది అటు తిరిగింది, ఇటు తిరిగింది, నీళ్ళ మూత ఎక్కింది. ఎవరూ ఊపిరి తీయలేదు. అక్కడినుంచి దిగి నడుస్తూ కొత్త కాలు పక్కనుంచి వెళ్ళింది.

ఈసారి నేను రెప్ప వేయలేదు. మొత్తం చూశాను. ముందు కొత్త కాలే కదిలింది. కీచురాయిని ఆపింది అదే. మిగతా ఏడూ ఆ తర్వాత వచ్చాయి. పిడికిలి మూసినట్టు మూసుకున్నాయి. నీ మొగుడు స్టూలు మీంచి లేచి "పట్టింది! పట్టింది!" అని ఎగిరాడు. అది నాకు వినపడింది.

వచ్చే కుబుసానికి ఆ కాలు మిగతావాటితో సమానం అవుతుందంటున్నావు. ఆ రోజుకి నువ్వు ఇంట్లో ఉండాలి. క్రేన్ ఎవరికన్నా అప్పజెప్పి రా. సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో. ఆ రోజు గదిలో నేనొక్కదాన్నే కూర్చుని ఎనిమిది అన్నాను. సరిగ్గా లెక్కపెట్టావని చెప్పే మనిషి పక్కన లేదు.

అత్త